గజం మీద ఏడంగుళాలు

దయ్యాల కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. భయం కాదు, చిరాకే. ఎవరైనా మొదలుపెడితే "నువ్వు చూసినవా, చూసినోడు చెప్పిండా" అని అడ్డుపడి, చెప్పేవాళ్ల హుషారంతా నీరుగార్చేవాణ్ని. నా పక్కన కూర్చుంటే దయ్యానికి కూడా విసుగొచ్చి లేచిపోతుందని మా ఇంటావిడ ఇప్పటికీ అంటుంది. కొలిచి చూపించలేని దాన్ని నేను నమ్మను. నా దురదృష్టం ఏమిటంటే, ఇప్పుడు చెప్పబోయేది నా చేత్తో నేను కొలిచిందే.

మాది మక్తల్ వైపు పల్లె. మగ్గాల ఇల్లు. మా నాయిన చీరలు నేసేవాడు, అమ్మ నూలు చుట్టేది. పదేళ్లకే నేను తెగిన పోగుకు ముడి వెయ్యడం నేర్చుకున్నాను. నూలు తడిస్తే ఏమవుతుందో, ఆరితే ఎంత ముడుచుకుంటుందో, గంజి పట్టిస్తే ఎలా బిగుసుకుంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. గొప్పకు చెప్పడం లేదు. ముందు ముందు ఎవరైనా "దారమే కదా, సాగి ఉంటుంది" అంటారని ముందే చెప్పి పెడుతున్నాను.

మా ఇంట్లో ఏడో తరగతి దాటింది నేనొక్కణ్నే. చేతిరాత బాగుంటుందని కల్వకుర్తిలో ఒక వకీలు సాబ్ దగ్గర పని దొరికింది. యాభైల చివరి మాట ఇది. పోలీసు యాక్షన్ ముందరి గడబిడల్లో ఆయన తమ్ముడు చెప్పులేసుకుని బయటికి వెళ్లి మళ్లీ ఇంటికి రాలేదు. కొన్నేళ్లు వెతికాక ఆయన తన వకాలత్ సగానికి తగ్గించుకుని, అలాంటి ఇళ్లవాళ్ల కోసం ఒక సంఘం పెట్టాడు. శ్రీశైలం రోడ్డు మీద కిరాయి గది, ఒక చెక్క బీరువా, ఒక బల్ల, రెండు బెంచీలు. బోర్డు మీద ఏదో పెద్ద పేరుండేది. జనం మాత్రం "తప్పిపోయినోళ్ల ఆఫీసు" అనేవాళ్లు.

అక్కడ ముగ్గురికి మూడు పనులు. నేను రాసేవాణ్ని. తప్పిపోయిన మనిషి పేరు, వయసు, ఆనవాళ్లు ఇంటివాళ్లను అడిగి పెద్ద పుస్తకంలోకి ఎక్కించాలి. మాసయ్య తిరిగేవాడు. అంతకు ముందు కాలినడకన టపా మోసిన మనిషి. దేవరకొండ నుంచి కృష్ణ ఒడ్డు దాకా ఉన్న ఠాణాలు, దవాఖానలు, సత్రాలు, డ్యామ్ పనుల జాగాలు అన్నీ ఆయన కాళ్లకు తెలుసు. అనంతమ్మ చెప్పే మనిషి. మంచి కబురైనా చెడ్డ కబురైనా ఇంటికి పోయి చెప్పడం ఆమె వంతు.

ఒకరి పని ఇంకొకరు చెయ్యకూడదని వకీలు సాబ్ గట్టి షరతు పెట్టాడు. ముఖ్యంగా నాకు. "నువ్వు రాసుకుంటున్నప్పుడు వాళ్లు నీ ముఖం చూసి ఆశ పెట్టుకుంటరు. గదే ముఖం పోయి చావు కబురు చెప్పొద్దు" అనేవాడు. దొరుకుతారా అని ఎవరైనా అడిగితే "రాసుకున్నం" అని మాత్రమే నేను అనాలి. ఇంకో ముక్క ఎక్కువ మాట్లాడితే ఆయనకు కోపం వచ్చేది.

అనంతమ్మకు ఇంకో పద్ధతి ఉండేది. ఆ ఇంటికి పోగానే విషయం ఎత్తేది కాదు. వాళ్లు ఏ పని చేస్తుంటే ఆ పని అందుకునేది. తిరగలి దగ్గర కూర్చునేది, బియ్యం ఏరేది, ఊడుస్తుంటే చీపురు తీసుకునేది. చేతులు పనిలో పడ్డాక నెమ్మదిగా నోరు విప్పేది. ఆమె ఏ పని అందుకుందో అదే పని మీద ఆ ఇంటివాళ్లు ఏడ్చేవాళ్లు. నాకది అప్పట్లో విడ్డూరంగా అనిపించేది.

ఇక దారం సంగతి. మనిషి ఎంత ఎత్తు అని అడిగితే పల్లెల్లో అడుగులు అంగుళాలు ఎవరు చెప్తారు. ఇంత ఉంటడు అని చెయ్యెత్తి చూపిస్తారు. అందుకని వకీలు సాబ్ ఒక ఉపాయం చేశాడు. వచ్చినవాళ్లు దారం కొసను కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, తప్పిపోయిన మనిషి తమకు ఎక్కడి దాకా వస్తాడో అక్కడికి దారాన్ని లాగి చూపాలి. అక్కడ నేను కత్తిరించాలి. అలాంటివి రెండు. ఒకటి పేరు రాసిన కాగితంలో చుట్టి బీరువాలో పెట్టేవాణ్ని, రెండోది మాసయ్య తీసుకుపోయేవాడు. ఎక్కడైనా మతి తప్పిన మనిషి గానీ, ఎవరిదో తెలియని శవం గానీ కనిపిస్తే ఆ దారం పెట్టి చూసేవాడు. దారం కొసలకు ముడులు నేనే వేసేవాణ్ని. మా నాయిన నేర్పిన నేతముడి. ఆఫీసులో అది వెయ్యడం వేరే ఎవరికీ రాదు. దారం పొడవును ఇనుప గజంబద్దతో కొలిచి పుస్తకంలో రాసేవాణ్ని.

ఈదమ్మ వచ్చింది సీతాఫలాల రోజుల్లో. కల్వకుర్తికి ఎనిమిది మైళ్ల దూరపు పల్లె, ఇంత మెట్టచెలక ఉన్న సంసారం. ముప్పై ఏళ్లుంటాయేమో, ఎత్తయిన మనిషి. అంతకు ముందు వారం కల్వకుర్తి అంగట్లో ఫలాల గంప పెట్టుకుని కూర్చుంది. పక్కన ఏడేళ్ల కూతురు నర్సమ్మ. దాహమేసి, బిడ్డను గంప దగ్గర కూర్చోబెట్టి, బావి దాకా పోయి వచ్చింది. వచ్చేసరికి గంప ఉంది, పిల్ల లేదు.

"ఫలాలు ఒక్కటి గూడ తక్కువ గాలే, తమ్మీ. బిడ్డనే లేదు" అంది. ఆ మాట మూడుసార్లు అంది. తను తాగిన నీళ్ల గురించి మాత్రం ఒక్కసారే చెప్పి, చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

ఆనవాళ్లు రాశాను. ముందు పళ్లు రెండు ఊడాయి. ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ. ఎత్తు ఎంత అంటే ఈదమ్మ బెంచీ మీద నుంచి లేచి, దారాన్ని బొటనవేలితో తొక్కి, తన రొమ్ముల దాకా లాగి పట్టుకుంది. "గిక్కడికొస్తది. నన్ను పట్టుకుంటే దాని తల గిక్కడ తగుల్తది" అంది. కత్తిరించి కొలిచాను. గజం మీద ఏడంగుళాలు. రెండు దారాలు, నాలుగు ముడులు.

"దొరుకుతదా తమ్మీ?"

"రాసుకున్న అక్కా" అన్నాను.

ఏటా ఒకసారి, వానలు తగ్గాక, బీరువాలోని దారాలన్నీ తీసి నీడలో పరిచి, వేపాకు పెట్టి మళ్లీ చుట్టేవాణ్ని. ఎలాగూ విప్పాను కదా అని ఒక్కోటి కొలిచి పుస్తకంతో సరిచూసేవాణ్ని. అది వకీలు సాబ్ చెప్పింది కాదు, నా చాదస్తం. మరుసటి ఏడు నర్సమ్మ దారం కొలిస్తే గజం మీద తొమ్మిది వచ్చింది.

నాకు వచ్చిన మొదటి ఆలోచన, నేను తప్పు రాశానని. నేతవాడి కొడుకునై ఉండి రెండంగుళాలు తప్పానా అని సిగ్గుపడ్డాను. ఎవరికీ చెప్పకుండా పుస్తకంలో ఏడు కొట్టేసి తొమ్మిది వేశాను. నా బతుకులో నేను చేసిన దొంగరాత అదొక్కటే. మాసయ్య దగ్గరున్న రెండో దారం సంగతి కూడా నాకు గుర్తు రాలేదు, లేదా గుర్తు తెచ్చుకోలేదు.

రెండో ఏడు, పల్లికాయ పీకుతున్న రోజులు. వారం అంగడి రోజు మధ్యాహ్నం మాసయ్య వచ్చి, రుమాలు తీసి బెంచీ మీద పెట్టి కూర్చున్నాడు. రుమాలు తీశాడంటే చెడ్డ కబురే.

దేవరకొండ దాటాక ఒక కుంటలో ఆడపిల్ల శవం తేలిందట. నీళ్లలో ఉండి ముఖం గుర్తుపట్టేలా లేదు, చర్మం మీద మచ్చలేవీ తెలియడం లేదు. పంచనామా జరుగుతుంటే మాసయ్య అడిగి నర్సమ్మ దారం పెట్టి చూశాడు.

"సరిపోయింది సాబ్. వెంట్రుకంత తేడా లేదు. ముందు పండ్లు గూడ రెండు లేవు" అన్నాడు. ఆ మనిషి కళ్లల్లో నీళ్లు నేను అంతకు ముందు చూడలేదు.

వకీలు సాబ్ అనంతమ్మను పిలిచాడు. అంగడి నుంచి ఈదమ్మ ఊరికి తిరిగిపోయే బండి ఒకటి అప్పుడే కడుతున్నారు. ఆమె చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా దాంట్లో ఎక్కిపోయింది. పుస్తకంలో పేరు కొట్టేసే పని నాకు మిగిలింది.

పేరు కొట్టేసేటప్పుడు బీరువాలో దారాన్నీ మాసయ్య దారాన్నీ కలిపి ముడివేసి ఇంటివాళ్లకు ఇచ్చేయడం మా ఆనవాయితీ. పొట్లం విప్పాను. రెండు కొసలు సమానంగా పట్టుకుని కిందికి వదిలాను. మాసయ్య దారం ఆగిపోయింది. నాది ఇంకా కిందికి వేలాడుతోంది.

బల్ల మీద పరిచి గజంబద్ద పెట్టాను. మాసయ్యది గజం మీద ఏడు. బీరువాలోది గజం మీద పదకొండు. నాలుగు ముడులూ నావే. పొడవుగా ఉన్న దారాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ల మధ్య నడిపించాను, ఒకటికి రెండుసార్లు. ఎక్కడా అతుకు లేదు. ఎక్కడా సన్నబడలేదు. సాగిన పోగైతే సన్నబడుతుంది. ఇది రెండేళ్ల కింద కత్తిరించినప్పుడు ఎంత మందమో అంతే ఉంది, నాలుగంగుళాలు ఎక్కువ ఉంది.

అప్పుడు నాకు తట్టింది దయ్యం కాదు. మామూలు బుద్ధి. అది మాలో ఎవరికీ ముందే ఎందుకు తట్టలేదో ఇప్పటికీ సిగ్గే.

"సాబ్, పిల్ల పోయి రెండేండ్లయింది. ఏడేండ్లప్పటి దారం ఇప్పుడెట్ల సరిపోతది? పండ్లు గూడ వచ్చి ఉండాలె గద" అన్నాను.

వకీలు సాబ్ కళ్లద్దాలు తీసేశాడు. మేం ఎప్పుడూ కొలిచేది పెద్దవాళ్లను. కూలికి పోయి రానివాళ్లు, మతి తప్పినవాళ్లు. వాళ్లు పెరగరు. దారం సరిపోతే మనిషి దొరికినట్టే లెక్క. ఆ అలవాటులో, పెరగాల్సిన పిల్ల పుస్తకంలో రాసినంతే ఉండిపోయిందని మేమంతా అనుకున్నాం.

"అనంతమ్మ పోయింది" అన్నాడు మాసయ్య.

పక్క దుకాణం వాళ్ల సైకిల్ అడిగి తీసుకున్నాను. ఎనిమిది మైళ్లు, సగం దారి ఇసుక. ఎక్కడ దిగి తోశానో, ఎక్కడ తొక్కానో తెలియదు. కళ్ల ముందు ఒకటే కనిపిస్తోంది. ఒక తల్లికి బతికున్న బిడ్డ చచ్చిపోయిందని చెప్పేస్తే, ఆ మాట మళ్లీ ఎలా వెనక్కి తీసుకుంటాం. ఇంకో రెండు రోజుల్లో వాళ్లు ఇంటి ముందు గాజులూ బట్టలూ పారేస్తారు. తర్వాత తప్పయిందంటే ఎవరు నమ్ముతారు.

ఊరి చివర మొదటి వాకిలే ఈదమ్మది. ఎండ ఇంకా దిగలేదు. వాకిట్లో పల్లికాయ కుప్ప, దానికి అటు ఈదమ్మ, ఇటు అనంతమ్మ. ఇద్దరి చేతులూ కాయ ఒలుస్తున్నాయి. అనంతమ్మ ఒళ్లో దోసెడు గింజలు పోగయ్యాయి. ఏడుపు లేదు. ఇంకా నోరు విప్పలేదు.

నేను సైకిల్ పడేసి అనంతమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపాను. ఆమెకు అర్థమైంది. చేతిలో కాయ చితకలేదు, వేళ్లు ఆగిపోయాయి.

ఈదమ్మ నా వైపు చూసింది, ఆమె వైపు చూసింది. రాసేవాడూ చెప్పేమనిషీ కలిసి ఏ ఇంటికీ పోరని ఆమెకు తెలియదు గానీ, ఏదో ఉందని తెలిసిపోయింది. "ఎందుకొచ్చిండ్రు ఇద్దరు?" అంది.

"నేనైతే పల్లికాయ ఒలువనీకొచ్చిన. గీ పిలగాడు ఎందుకొచ్చిండో గాయిన్నే అడుగు" అంది అనంతమ్మ, మళ్లీ కాయ అందుకుంటూ.

"ఒక ఆనవాలు సరిగ్గ రాసుకోలే అక్కా. మచ్చ ఎడమ చేతికా, కుడి చేతికా?" అన్నాను. నోటికి వచ్చిన అబద్ధం అది. ఎడమ చేతికి, అని చెప్పింది. ఆ రోజు మేమిద్దరం చీకటి పడే లోపు ఆ కుప్పంతా ఒలిచి గానీ లేవలేదు. కుంటలో దొరికిన పిల్ల వేరే ఊరి పిల్ల అని ఆ తర్వాతి నెలలో తేలింది. ఆ ఇంటికి కూడా అనంతమ్మే పోయింది.

ఇంత జరిగినా దారం పెరిగిందని నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే ముందు పుస్తకంలో దొంగరాత బయటపడుతుంది. రెండోది, చెప్పడానికి నాకే నమ్మకం లేదు. ఎవరో నాతో ఆడుకుంటున్నారని అనుకున్నాను. మాసయ్యను అనుమానించాను, అనంతమ్మను అనుమానించాను, పాపం వకీలు సాబ్‌ను కూడా వదల్లేదు. పొట్లానికి లక్క వేసి, దాని మీద నా బొటనవేలు ఒత్తాను. అదే నూలు నుంచి ఇంకో దారం అంతే పొడవు కత్తిరించి, నేతముడులు వేసి, సాక్షిగా అదే పొట్లంలో పెట్టాను. బీరువా తాళం మొలతాడుకు కట్టుకున్నాను.

మూడో ఏడు లక్క చెక్కుచెదరలేదు. సాక్షి దారం గజం మీద పదకొండే ఉంది. నర్సమ్మ దారం పదమూడు.

నాలుగో ఏడు మా వైపు కరువు. గడ్డి లేక పశువులను సంతలో వదిలేసిపోయిన ఏడాది అది. ఆ ఏడు దారం అర అంగుళమే పెరిగింది. మా వీధి పిల్లల లాగులు కూడా ఆ ఏడు పొట్టి కాలేదని మా అమ్మ అన్న మాట గుర్తొచ్చి, దారాన్ని మళ్లీ పరిచి కొలిచాను. ఐదో ఏడు రెండంగుళాలు. ఆరో ఏడు ఒక్కసారిగా మూడు.

ఒకటి మాత్రం నిజాయితీగా చెప్పాలి. పుస్తకంలో ఆ తర్వాత ఎక్కిన ఇంకో పిల్లవాడి పేరుండేది, శ్రీశైలం దారిలో యాత్రికుల గుంపులో తప్పిపోయినవాడు. వాడి దారం ఏటా కొలిచినా ఉన్నంతే ఉంది. వాడు పోయినట్టే అని లోపల నేను అనుకున్నాను. మూడేళ్లకు వాడు తనంతట తనే ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు, జానెడు పొడుగై. కాబట్టి దారం పెరిగితే బతికున్నట్టు, పెరగకపోతే లేనట్టు అని లెక్క కట్టడానికి లేదు. దానికి ఏ లెక్కా లేదు. నన్ను ఎక్కువ పీడించింది అదే.

ఈదమ్మ ప్రతి ఏడూ సీతాఫలాల రోజుల్లో ఆఫీసుకు వచ్చేది. అంగట్లో అదే చోట గంప పెట్టుకుని, అమ్మడం అయిపోయాక వచ్చి గడపలో నిలబడేది. నీళ్లు ఇస్తే తాగేది కాదు. కల్వకుర్తిలో ఆమె మంచినీళ్లు ముట్టడం మానేసిందని అనంతమ్మ చెప్పింది. "ఏమన్న తెలిసిందా తమ్మీ?" అని అడిగేది. "రాసి ఉన్నది అక్కా" అనేవాణ్ని. బీరువా నా వెనకే ఉండేది. తాళం మొలతాడుకే ఉండేది.

ఎనిమిదో ఏడు దారం గజం మీద ఇరవై రెండున్నర అయింది. తొమ్మిదో ఏడు కొలిస్తే అంతే. పదో ఏడు అంతే. పదకొండో ఏడూ అంతే. దారం పెరుగుతున్నన్నాళ్లూ దాన్ని చూసి భయపడ్డాను. ఆగిపోయాక అంతకన్నా ఎక్కువ భయపడ్డాను. పిల్ల ఎదిగిపోయి ఆగిందా, లేక పిల్లే ఆగిపోయిందా. దీన్ని ఎవరిని అడగాలి.

పన్నెండో ఏడు ఈదమ్మ భర్త బాలయ్య వచ్చాడు. నెమ్మదైన మనిషి. పన్నెండేళ్లు ఏ కబురూ లేని మనిషికి బొమ్మ చేసి కర్మ చెయ్యాలని ఊరి పెద్దలు చెప్పారట.

"చెయ్యకుంటే పిల్ల ఎక్కడ తిరుగుతున్నదో గక్కడనే తిరుగుతదంట. ఇగ నా తోని గాదు సారూ. మీ కాడ పిల్ల కొలత దారం ఉన్నది గద. బొమ్మ గా కొలతకే చెయ్యాలంట. ఇస్తే పోత" అన్నాడు. దారాన్ని బొమ్మతో పాటే కాలుస్తారట.

వకీలు సాబ్ అప్పటికి మంచాన పడ్డాడు, ఆఫీసు నా చేతి మీదే నడుస్తోంది. ఇవ్వకపోవడానికి నాకు ఏ హక్కూ లేదు. ఇస్తే బాలయ్య దాన్ని విప్పి చూస్తాడు. రొమ్ముల దాకా వచ్చే బిడ్డ కోసం వచ్చినవాడికి, పెళ్లీడు పిల్ల కొలత చేతిలో పెడతాను. లేదా విప్పకుండానే మంటలో వేస్తాడు. ఆ రెండోది మాత్రం నేను జరగనివ్వదలచుకోలేదు.

"దారం ఇచ్చింది ఈదమ్మక్క. ఆమెకే ఇయ్యాలె, గది మా షరతు" అన్నాను. అలాంటి షరతు ఏదీ లేదు.

మరుసటి రోజు పొద్దున ఈదమ్మ ఒక్కతే వచ్చింది. జుట్టు నెరిసింది. గడపలో నిలబడలేదు, లోపలికి వచ్చి, పన్నెండేళ్ల కింద కూర్చున్న బెంచీ మీదే కూర్చుంది. "ఇయ్యి తమ్మీ. గాయిన ఏడుస్తుండు రోజు" అంది.

రాసేవాడు చెప్పకూడదన్న మాట నేను ఆ రోజు తప్పాను. తలుపు దగ్గరికి వేసి మొత్తం చెప్పాను. నా దొంగరాత, కుంటలో పిల్ల, పల్లికాయలు ఒలిచిన రోజు మేం ఎందుకు వచ్చామన్నది, లక్క, సాక్షి దారం, కరువేడు అర అంగుళం. పిచ్చివాణ్ని చూసినట్టు చూస్తుందనుకున్నాను. ఆమె చెయ్యి చాపింది. పొట్లం విప్పి చేతిలో పెట్టాను.

ఆమె లేచి నిలబడింది. కొసను కాలి బొటనవేలితో తొక్కింది. దారాన్ని మోకాళ్ల మీదుగా, నడుము మీదుగా, రొమ్ముల మీదుగా పైకి లాగింది. రొమ్ముల దగ్గర ఒక్క క్షణం చెయ్యి ఆగింది. మళ్లీ పైకి పోయింది. నుదుటి దగ్గర దారం బిగిసింది.

"నా బొట్టు కాడికొచ్చింది" అంది.

నేను దాచలేకపోయాను. "నాలుగేండ్ల నుంచి పెరుగుతలేదు అక్కా. ఎందుకాగిందో నాకు తెల్వది" అన్నాను.

ఆమె దారాన్ని అలాగే పట్టుకుని నిలబడింది. పిల్ల తల అక్కడ ఉన్నట్టు, ఇంకో చేత్తో గాలిలో నెమ్మదిగా నిమిరింది. "మా అవ్వ గూడ గింతే ఉండె. ఆడివిల్ల ఇంకెంత పెరుగుతది తమ్మీ" అంది. అప్పుడు ఏడ్చింది. పన్నెండేళ్లలో నా ముందు ఆమె గొంతెత్తి ఏడవడం అదొక్కసారే. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

కాసేపటికి తనే దారాన్ని చుట్టి నాకిచ్చింది. "నీ కాడనే ఉండనీ. దొరకలేదని చెప్త. కొలత లేకుంట బొమ్మ చెయ్యరు" అంది. కుండలోని నీళ్లు ఒక చెంబు అడిగి తాగి వెళ్లిపోయింది.

కర్మ జరగలేదు. ఆ తర్వాత కూడా ఆమె ఏటా వచ్చేది. తెలిసిందా అని అడగడం మాత్రం మానేసింది. "ఉన్నదా?" అనేది. "ఉన్నది" అనేవాణ్ని. అంతే మా మాట. కొన్నేళ్లకు వకీలు సాబ్ పోయాడు, ఆఫీసు మూతపడింది, దారాలు ఎవరివి వాళ్లకు ఇచ్చేశాను. పుస్తకమూ నర్సమ్మ పొట్లమూ నా పెట్టెలోకి వచ్చాయి. ఈదమ్మ మా ఇంటికే వచ్చేది. ఆమె పోయి కూడా ఇప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. నర్సమ్మ కబురు ఏదీ రాలేదు. ఈదమ్మ పోయాక నేను పొట్లం విప్పడం మానేశాను.

పోయిన నెల మా వీధిలో ఉచిత వైద్య శిబిరం పెడితే నన్ను తీసుకుపోయారు. అక్కడి నర్సు పిల్ల గోడకు నిలబెట్టి ఎత్తు చూసింది. నా ఎత్తు నాకు తెలియకపోవడమేమిటి. ఒకటిన్నర అంగుళం తక్కువ చెప్తోందని పోట్లాడాను. ఆ పిల్ల నవ్వి, "పెద్దతనం తాతా. వయసు మీద పడితే అందరు జర తగ్గుతరు" అంది.

ఇంటికి వచ్చి అన్నం కూడా తినకుండా పెట్టె తీశాను. లక్క నా వేలిముద్రతో అలాగే ఉంది. గజంబద్ద మా ఇంట్లో ఇంకా ఉంది. ముందు సాక్షి దారం కొలిచాను. గజం మీద పదకొండు, ఎప్పటిలాగే. తర్వాత నర్సమ్మది.

గజం మీద ఇరవై రెండు.

మూడుసార్లు కొలిచాను. మనవరాలిని పిలిచి, ఏమీ చెప్పకుండా దాంతో కొలిపించాను. ఇరవై రెండే. అర అంగుళం తగ్గింది. లెక్క ప్రకారం నర్సమ్మకు ఇప్పుడు డెబ్బైకి దగ్గర. పాత నూలు బిగుసుకుపోయి ఉంటుందని మీరంటారు. అలాగైతే పక్కనే ఉన్న సాక్షి దారం ఎందుకు బిగుసుకోలేదో నాకు చెప్పండి, నేను నమ్ముతాను. నన్ను నేను అడుగుతున్నదీ అదే.

ఈదమ్మక్క ఉంటే బాగుండేదని ఆ రోజు ఎంత అనిపించిందో చెప్పలేను. గడప వైపు చూస్తూ "ఉన్నది అక్కా" అని పైకే అన్నాను. మనవరాలు ఎవరితో మాట్లాడుతున్నావని అడిగింది. పాత పుస్తకం తీసి, నర్సమ్మ పేరు ఎదురుగా, ఇరవై రెండున్నర పక్కన, ఈసారి దేన్నీ కొట్టేయకుండా, ఇరవై రెండు అని రాసుకున్నాను.